అరచేతిపై వాలిన పిట్ట

ఇంగ్లండు దేశపు ఉత్తరపు అంచున, స్కాట్లండు సరిహద్దుకు చేరువలో, నార్తంబర్లండ్ అనే సముద్రతీర ప్రాంతం ఉంది. అక్కడి ఫాలొడన్ అనే పాత జమీందారీ గృహపు తోటలో, 1920 తర్వాతి శీతకాలాల్లో ఒక దృశ్యం కనిపిస్తూ ఉండేది. వయసు మళ్లిన ఒక పొడగరి తోటబల్లపై నిశ్చలంగా కూర్చుని ఉండేవారు. ఆయన చేతిలో మూత తెరచిన చిన్న రేకుడబ్బా ఉండేది. కొంతసేపటికి పొదలోంచి నారింజరంగు రొమ్ము గల చిన్నపిట్ట ఒకటి ఎగిరివచ్చి ఆయన వేళ్లపై వాలేది. డబ్బాలోని పురుగును ముక్కున కరచుకొని వెళ్లిపోయేది. మరికాసేపటికి మళ్లీ వచ్చేది. ఒక్కొక్కప్పుడు ఆయన టోపీ మీదనే వాలి అటూ ఇటూ చూసేది. పిట్టకు ఆయన స్పష్టంగానే కనిపించేవారు. ఆయనకు మాత్రం పిట్ట స్పష్టంగా కనిపించేది కాదు. ఆయన చూపు అప్పటికే చాలావరకు మందగించింది.

ఆయన పేరు ఎడ్వర్డ్ గ్రే. 1905 డిసెంబరు నుండి 1916 డిసెంబరు వరకు, ఎడతెగకుండా పదకొండేళ్లు, బ్రిటన్ విదేశాంగమంత్రిగా పనిచేసిన వ్యక్తి. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన నాడు ఆ దేశపు విదేశీ వ్యవహారాల భారమంతా ఆయన భుజాలపైనే ఉంది. చరిత్ర గ్రంథాలు ఆయనను ఆ యుద్ధంతో ముడిపెట్టి జ్ఞాపకం పెట్టుకున్నాయి. పక్షులను ప్రేమించేవారు మాత్రం ఆయనను ఆ తోటబల్లతోనూ, ఆ రేకుడబ్బాతోనూ జ్ఞాపకం పెట్టుకున్నారు.

గ్రే 1862 ఏప్రిల్ 25న లండనులో జన్మించారు. ఆయన పన్నెండవ యేట తండ్రి మరణించగా, తాత సర్ జార్జ్ గ్రే ఆయనను పెంచారు. తాత దేశ హోంమంత్రిగా పనిచేసిన అనుభవశాలి. 1882లో ఆయన మరణించడంతో ఇరవయ్యేళ్ల ఎడ్వర్డుకు సర్ బిరుదంతో పాటు సుమారు 2,000 ఎకరాల ఫాలొడన్ ఎస్టేటు సంక్రమించింది. అప్పుడాయన ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చదువుతున్నారు. చదువుతున్నారనడం కొంత అతిశయోక్తే. తెలివితేటలు ఉన్నా పుస్తకాల కంటె ఆటల మీదా, చేపల వేట మీదా మక్కువ ఎక్కువ. శ్రద్ధ చూపడం లేదన్న కారణంతో 1884 జనవరిలో కళాశాలవారు ఆయనను ఇంటికి పంపివేశారు. ఆ యేడే తిరిగివెళ్లి పరీక్షలు రాసి, న్యాయశాస్త్రంలో మూడవ శ్రేణిలో గట్టెక్కారు. ఈ సంగతి విద్యార్థులు ఆదర్శంగా తీసుకోదగినది కాదు. అయితే నలభైనాలుగేళ్ల తర్వాత, 1928లో, అదే ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆయనను తన ఛాన్సలరుగా ఎన్నుకొన్నదన్న మాట కూడా చెప్పుకోవాలి.

కళాశాల నుండి వెనుదిరిగి వచ్చిన ఆ 1884లోనే ఆయన ఫాలొడన్ కొలనుల్లో నీటిపక్షులను పెంచడం మొదలుపెట్టారు. మరుసటి యేడు రెండు ముఖ్యఘట్టాలు వరుసగా జరిగాయి. డొరతీ విడ్రింగ్టన్ అనే యువతితో వివాహమైంది. బెరిక్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైమూడేళ్లు. ఆ సభలో అందరికంటె చిన్నవారు ఆయనే.

భార్యాభర్తలిద్దరికీ నగరజీవితం సరిపడలేదు. డొరతీకి విందులు, వినోదాలు అంటే గిట్టేది కాదు. 1890లో దక్షిణ ఇంగ్లండులోని ఇచెన్ నది ఒడ్డున ఒక చిన్న కుటీరం కట్టించుకొన్నారు. వసంత, గ్రీష్మాల్లో శనివారం తెల్లవారుజామున రైలెక్కి అక్కడికి చేరేవారు. ఆ కుటీరానికి రాజకీయ నాయకులను గాని, లండను మిత్రులను గాని పిలిచేవారు కారు. ఏ పక్షి పాట ఏనాడు మొదటిసారి వినిపించింది, ఏ పొదలో ఏ గూడు కనిపించింది అన్న సంగతులను ఇద్దరూ ఒకే నోటుపుస్తకంలో రాసుకొనేవారు. 1894 నుండి 1905 వరకు సాగిన ఆ దినచర్యను గ్రే 1909లో కొద్దిమంది ఆప్తుల కోసం మాత్రమే అచ్చువేయించారు. అప్పటికి డొరతీ లేరు.

1905 డిసెంబరులో గ్రే విదేశాంగమంత్రి అయ్యారు. రెండు నెలలైనా గడవకముందే, 1906 ఫిబ్రవరి మొదట్లో, ఫాలొడన్ సమీపంలో డొరతీ గుర్రపుబండి నుండి పడిపోయారు. మళ్లీ స్పృహలోకి రాకుండానే కన్నుమూశారు. లండనులో ఉన్నతాధికారుల సమావేశంలో ఉండగా గ్రేకు ఆ తంతి అందింది. పదవిని వదులుకొంటానని ఆయన ప్రధానమంత్రికి చెప్పారు. ప్రధాని అంగీకరించలేదు. నాటినుండి ఆయన రోజులన్నీ దస్త్రాల మధ్యనే గడిచాయి. 1907లో రష్యాతో కుదిరిన ఒప్పందం ఆయన హయాములోనిదే. పర్షియా, అఫ్ఘనిస్తాన్, టిబెట్లలో ఏ సామ్రాజ్యపు పలుకుబడి ఎంతవరకు ఉండాలన్నది అందులో నిర్ణయమైంది. ఆనాటి భారతదేశపు పొలిమేరలతో నేరుగా ముడిపడిన ఒప్పందం అది.

ఆ తీరిక లేని కాలంలోనూ ఆయన చేసిన ఒక ప్రయాణం గురించి చెప్పుకోవాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఆఫ్రికా యాత్ర ముగించుకొని ఇంగ్లండు మీదుగా స్వదేశానికి వెళ్తూ, పుస్తకాల్లో చదివిన ఇంగ్లండు పక్షుల పాటలను చెవులారా వినాలని కోరారు. 1910 జూన్ 9న ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా ఇచెన్ లోయలోకి వెళ్లారు. అక్కడి నుండి న్యూ ఫారెస్ట్ అనే అడవికి చేరారు. సుమారు 20 గంటలపాటు ఆ ఇద్దరు ప్రముఖులు లోకానికి కనబడకుండా పోయారు. నలభై జాతుల వరకు పక్షులను గుర్తించారు. ఒక్కొక్క పాట వినిపించగానే పక్షి పేరు గ్రే చెప్పేవారు. ఒక పేరు ఒకసారి చెబితే రూజ్వెల్టుకు రెండవసారి చెప్పనవసరం ఉండేది కాదట.

1914 వేసవిలో యుద్ధమేఘాలు కమ్ముకొన్నప్పుడు, వివాదాన్ని నాలుగు రాజ్యాల ప్రతినిధుల సమావేశంలో పరిష్కరించుకోవాలని గ్రే ప్రతిపాదించారు. అంతకుముందు బాల్కన్ యుద్ధాల కాలంలో, 1912-13 సంవత్సరాల్లో, లండనులో అటువంటి సమావేశాన్ని నడిపి పెద్దరాజ్యాల మధ్య పోరు రాకుండా చూసిన అనుభవం ఆయనకు ఉంది. ఈసారి జర్మనీ ఒప్పుకోలేదు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. తమ దేశం తప్పక యుద్ధానికి వస్తుందని గ్రే జర్మనీకి ముందే స్పష్టంగా హెచ్చరించి ఉండవలసిందని కొందరు చరిత్రకారులు నేటికీ అంటారు. ఆయన మంత్రివర్గంలోనే ఏకాభిప్రాయం లేనప్పుడు అలా ఎలా చెప్పగలరని మరికొందరు వాదిస్తారు. ఆ వాదం ఇక్కడ తేలేది కాదు. ఆ వైఫల్యపు బరువును ఆయన జీవితాంతం మోశారన్నది మాత్రం నిజం.

అదే వేసవిలో మరో దెబ్బ కూడా తగిలింది. ఆటలో వేగంగా వచ్చే బంతి ఉన్నట్టుండి కనబడకపోవడం ఆయన గమనించారు. వైద్యులు పరీక్షించి, చూపు క్రమంగా క్షీణిస్తుందనీ, కొంతకాలానికి చదవడం సాధ్యం కాదనీ చెప్పారు. విశ్రాంతి తీసుకోవడానికి అది సమయం కాదు. యుద్ధకాలంలో మరో రెండేళ్లకు పైగా అక్షరాలతో కుస్తీపట్టి, 1916లో పదవి దిగి, లార్డ్ బిరుదంతో ఫాలొడనుకు చేరారు. 1917లో ఆ ఇల్లు అగ్నికి ఆహుతి కాగా తిరిగి కట్టించారు. 1923లో ఇచెన్ ఒడ్డున డొరతీతో గడిపిన కుటీరం కూడా కాలిపోయింది. తమ్ముళ్లలో ఒకరు 1911లో ఆఫ్రికాలో సింహం వాతపడి మరణించారు. మరొకరు 1928లో అదే ఖండంలో అడవిదున్న పొడవగా మరణించారు. ఒకే మనిషి జీవితంలో ఇన్ని నష్టాలు ఇలా వరుస కట్టడం కథల్లోనైతే నమ్మశక్యంగా ఉండదు.

బ్రెయిలీ లిపి నేర్చుకొని వేళ్లతో చదవడం మొదలుపెట్టారు. ఇంటి కిటికీ తెరచి ఉంచితే ఎర్రని ఉడుతలు లోనికి వచ్చి ఆయన చేతినుండి గింజలు తీసుకొనేవి. తోటలో రాబిన్లు ఆయన కోసం ఎదురుచూసేవి.

రాబిన్ అన్న పేరు వినగానే మన పెరటిగోడలపై తోక నిక్కించి తిరిగే నల్లంచి గుర్తుకు రావచ్చు. నల్లంచినీ ఆంగ్లంలో రాబిన్ అనే అంటారు. ఐరోపా రాబిన్ వేరు. పిచ్చుకంత ఉంటుంది. వీపు గోధుమరంగు, ముఖమూ రొమ్మూ నారింజరంగు. అడవిపందుల వంటి జంతువులు నేలను పెళ్లగిస్తుంటే వాటి వెంట తిరుగుతూ, బయటపడ్డ పురుగులను ఏరుకొని తినడం దీని పురాతనమైన అలవాటని పక్షిశాస్త్రజ్ఞులు భావిస్తారు. ఇంగ్లండులో తోటమాలి పార పట్టగానే ఈ పిట్ట వచ్చి పక్కన నిలవడానికి కారణం అదే. ఐరోపాలోని ఇతర దేశాల్లో చాలాచోట్ల ఇదే పక్షి మనుషులకు దూరంగా అడవిలోనే మెలగుతుంది. కనుక ఈ చనువు జాతిలక్షణం మాత్రమే కాదు. ఆ చోట మనుషులు తరతరాలుగా దానితో ఎలా మెలిగారన్నదానిపై కూడా ఆధారపడి ఉంటుంది.

అడవిపిట్టను చేతిపైకి రప్పించే పద్ధతిని గ్రే 1927లో వెలువరించిన పక్షుల పుస్తకంలో వివరించారు. అందులో మంత్రమేమీ లేదు. మొదట రొట్టెముక్కలు నేలమీద చల్లాలి. పిట్ట వాటికి అలవాటుపడ్డాక ఒక పిండిపురుగును విసరాలి. నిల్వ ఉన్న పిండిలో, తవుడులో పుట్టే ఈ పురుగులంటే రాబిన్లకు ప్రాణం. తర్వాత మందుల దుకాణంలో బిళ్లలు అమ్మే చిన్న రేకుడబ్బాలో పురుగులు వేసి, మూత తీసి నేలపై పెట్టాలి. పిట్ట డబ్బాలోంచి తినడం నేర్చాక, మనిషి మోకరిల్లి, అరచేయి పైకి వచ్చేలా చేతిని నేలపై ఆనించి, అందులో డబ్బా ఉంచాలి. డబ్బా దాటి వేళ్లు ముందుకు చాచి ఉండాలి. అన్నిటికంటె కష్టమైన మెట్టు ఇదే. పిట్ట వస్తుంది, ఆగుతుంది, వెనక్కి ఎగిరిపోతుంది. ఆశకూ భయానికీ మధ్య చాలాసేపు ఊగిసలాడుతుంది. ఆ సమయంలో మనిషి కదలకూడదు. చివరకు ఒక్కసారి వేళ్లపై నిలిచిందంటే, ఆ తర్వాత చేతిని నేలనుండి పైకెత్తినా వస్తుంది. మంచు కురిసి ఆహారం దొరకని రోజుల్లో ఈ వ్యవహారమంతా రెండుమూడు రోజుల్లో ముగియవచ్చు. ఆకలి పిట్టను మనిషి దగ్గరకు తెస్తుందనడంలో వింత లేదు. కాని మంచు కరిగి, తోటనిండా పురుగులు దొరికే రోజులు వచ్చాక కూడా ఆ పిట్ట చేతిపై వాలడం మానలేదు. ఒకసారి కుదిరిన నమ్మకం ఆకలి తీరినంత మాత్రాన పోలేదు. గ్రే గమనించినవాటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే.

ఆయన మచ్చిక చేసిన రాబిన్లలో ఒకదాని రెక్కలో ఒక తెల్లని ఈక ఉండేది. ఆ గుర్తువల్ల తోటలోని తక్కిన రాబిన్ల నుండి దానిని వేరుగా పోల్చుకోగలిగేవారు. తెల్ల ఈక అన్నదే దాని పేరైంది. దానివల్ల రాబిన్ల సంసారం గురించి చాలా సంగతులు తెలిశాయి. శీతకాలంలో ఒక్కొక్క రాబిన్ తోటలో ఒక్కొక్క భాగాన్ని తన సొంతమని పాటపాడి ప్రకటిస్తుంది. మరో రాబిన్ హద్దుదాటితే మీదపడి తరుముతుంది. ఒక్కొక్కసారి పోరు ప్రాణాల మీదికీ రావచ్చు. వసంతం సమీపించేసరికి ఆడపిట్టను తన హద్దులోకి రానిస్తుంది. అప్పుడు మగపిట్ట గ్రే చేతిలోని పురుగును తాను తినక, పొదలో కూర్చుని పిలిచే ఆడపిట్ట నోటికి అందించి వచ్చేది.

మనిషి చేతిపై నిర్భయంగా నిలిచే పిట్ట తన జాతిపిట్టను అడుగుదూరంలోనైనా సహించదు. గ్రే ఈ కలహస్వభావాన్ని కప్పిపుచ్చలేదు. పిట్ట తనను ప్రేమిస్తోందనీ చెప్పుకోలేదు. అది వచ్చేది పురుగు కోసమే. తాను దానికి హాని చేయనివాడినని అది తెలుసుకొంది, అంతే. పదకొండేళ్లు దేశాల సరిహద్దుల తగవులు తీర్చబోయిన మంత్రి, చివరి రోజుల్లో రెండు పిట్టల సరిహద్దు తగవును బల్లపై కూర్చుని గమనించారన్నది తలచుకొంటే చిత్రంగా ఉంటుంది. ఆయనకూ అలాగే తోచి ఉండవచ్చు.

సాయంవేళ కొలను గట్టున జరిగే కొలువు వేరు. మొదట తెచ్చిన బాతులు ఎగరలేకుండా రెక్క కత్తిరించినవి. వాటికి పుట్టిన పిల్లల రెక్కలను మాత్రం గ్రే ముట్టుకోనివ్వలేదు. అవి స్వేచ్ఛగా ఎగిరిపోవచ్చు. కొన్ని పోయేవి, కొన్ని నిలిచేవి, కొన్ని పోయి తిరిగివచ్చేవి. వాటిని చూసి అడవిబాతులూ దిగేవి. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, రంగురంగుల మాండరిన్ బాతులు ఆయన చుట్టూ చేరి చేతినుండి రొట్టెముక్కలు తీసుకొనేవి. వీటిలో సూదితోక, గరిటెముక్కు జాతులు శీతకాలంలో మన కొల్లేటికీ, పులికాటుకూ వలస వచ్చేవే. తుపాకి శబ్దం విన్న బిల్లులో ఇవి మనిషి నీడ కనబడినా లేచిపోతాయి. ఫాలొడన్ గట్టున మాత్రం ఆయన కాళ్లమధ్య తిరిగేవి. మన పల్లెల్లో చూరుకు వరికంకుల కుచ్చులు కట్టిన ఇళ్లలో పిచ్చుకలు మనుషుల మధ్యనే గూడు కట్టేవి. పక్షి ఏ చోట ఏ మనుషులను నమ్మవచ్చునో గుర్తుపెట్టుకొంటుంది.

1922లో గ్రే పమేలా అనే విదుషీమణిని వివాహం చేసుకొన్నారు. 1928 నవంబరులో ఆమె కూడా మరణించారు. అప్పటికి ఆయన పక్షులను ప్రధానంగా చెవులతోనే గుర్తిస్తున్నారు. ఆకుల మధ్య కదిలే పిట్ట కనబడకపోయినా, అది ఏ జాతిదో, పాడుతున్నదో హెచ్చరిస్తున్నదో చెప్పగలిగేవారు. పక్షుల పుస్తకానికి శాస్త్రీయమైన విలువ ఏమీ లేదని ఆయనే ముందుమాటలో చెప్పుకొన్నారు. పాఠకులు ఆ మాటను పట్టించుకోలేదు. పుస్తకం మళ్లీ మళ్లీ ముద్రితమైంది. సెటన్ గోర్డన్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు తీసిన ఒక ఛాయాచిత్రంలో గ్రే టోపీపై రాబిన్ నిలిచి ఉంటుంది. ఆ చిత్రం చాలా పుస్తకాల్లో అచ్చయింది.

1933 సెప్టెంబరు 7న గ్రే తన డెబ్బైయొకటవ యేట ఫాలొడనులోనే కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని ఆ తోటలోని చెట్లకింద, డొరతీ చితాభస్మం ఉన్నచోటనే ఉంచారు.

ఆయన స్మారకంగా 1938లో ఆక్స్‌ఫర్డులో ఎడ్వర్డ్ గ్రే పక్షి పరిశోధన సంస్థ ఏర్పడింది. 1945లో దానికి డేవిడ్ లాక్ సంచాలకులయ్యారు. అంతకుముందు ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు. నాలుగేళ్లపాటు రాబిన్ల కాళ్లకు రంగురంగుల వలయాలు తొడిగి, ఏ పిట్ట ఏదో, ఏ తోటభాగం దేనిదో, ఎన్నాళ్లు బతికిందో లెక్కకట్టి, 1943లో ఆ పక్షి జీవితంపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. 1947 నుండి ఆ సంస్థవారు ఆక్స్‌ఫర్డు చెంత వైథమ్ అడవిలో గూటిపెట్టెలు అమర్చి, ఒక్కొక్క పిట్టకూ వలయం తొడిగి, తరాల తరబడి వాటి వివరాలు నమోదు చేస్తున్నారు. ఫాలొడన్ తోటలో ఒక పిట్టను గుర్తుపట్టడానికి గ్రేకు ఉన్న ఆధారం దాని రెక్కలోని ఒక్క తెల్లని ఈక మాత్రమే.